కాగితం వెనకాల మనిషి

నాన్నా, నమస్కారం.

నేను బాగున్నాను. గదిలో ముగ్గురం, కిటికీ ఒకటి. బస్‌స్టేషన్‌లో అనౌన్సర్ ఉద్యోగానికి త్వరలోనే పరీక్ష. ఏ బస్సు ఎప్పుడొస్తుందో ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పాలి. అందుకే టైము గురించి చెప్పే మాటలన్నీ రాసి రాసి నేర్చుకుంటున్నాను. ఆ కాగితాల వెనకే నీకు ఉత్తరాలు. గుడ్డపీలిక కూడా పారేయని దర్జీ ఇంట్లో పుట్టి, తెల్లకాగితం దండగ చేస్తానా?

మీ అమ్మాయి

తా.క. మందులషాపు బాబాయితో చదివించుకునేటప్పుడు నా ఉత్తరం ఒక్కటే చదవమను. వెనకవైపు వద్దు.

*

అమ్మాయికి నాన్న దీవెనలు.

వద్దన్నావు కాబట్టి ముందు వెనకవైపే చదివించాను. ఎవడు వాడు? "ఐ హావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్" అట. పొద్దుట్నుంచీ వాడి కోసం ఎదురుచూస్తున్నావని బాబాయి అర్థం చెప్పాడు. వాడేమో "డే ఆఫ్టర్ టుమారో" అన్నాడట. ఎల్లుండి వెళ్తే మళ్ళీ ఎల్లుండి అన్నాడట! నా కూతురు ఎవడి గుమ్మం ముందో పడిగాపులు కాయడమా? మాట మీద నిలబడనివాణ్ణి నమ్మకు.

మీ నాన్న

తా.క. ఇది రాసిపెడుతున్న బాబాయిని. మీ నాన్న మిషను ఆపేసి పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నాడు. నా చొక్కా సంగతి అడిగితే, "అమ్మాయి బతుకు ముఖ్యమా, చొక్కా ముఖ్యమా" అంటున్నాడు.

*

నాన్నా, నమస్కారం.

ఎవడూ లేడు. అవి అభ్యాసానికి రాసుకున్న వాక్యాలు. "తెలిసిన మనిషినొకణ్ణి మనసులో పెట్టుకుని రాయండి, అప్పుడే గుర్తుంటాయి" అన్నారు మా టీచరమ్మ. అంతే.

మీ అమ్మాయి

తా.క. ఆ మనిషెవరో పరీక్ష అయ్యేదాకా అడక్కు. నొచ్చుకుంటావు.

*

అమ్మాయికి,

దీవెనలు తర్వాత. మనసులో పెట్టుకున్నావా! ఈసారి వెనక ఏముందో తెలుసా? "హి ప్రామిస్డ్ బిఫోర్ ద వెడ్డింగ్." పెళ్ళికి ముందు మాటిచ్చాడట. పెళ్ళి అయిపోయిందట. వాడింకా "ఇన్ నో టైమ్", ఇదిగో అయిపోయింది అంటున్నాడట. ఎవరి పెళ్ళే? మీ అమ్మ అన్నం మానేసింది. ఇంతమందిని తిప్పుకునేవాడు మనిషేనా? వాడికి సిగ్గూ శరమూ లేవు. కనిపిస్తే గజంబద్దతో వీపు కొలుస్తాను.

మీ నాన్న

తా.క. బాబాయిని. వీడి తీరు ఎక్కడో చూసినట్టే ఉంది, గుర్తు రావడం లేదు. చొక్కా లేక బనీనుతో షాపులో కూర్చుంటే బుర్ర ఎలా పనిచేస్తుంది?

*

నాన్నా, నమస్కారం.

ఈసారి కొత్త కాగితం కొన్నాను. తిప్పి చూసుకో, వెనక ఏమీ లేదు. పరీక్ష శుక్రవారం. దయచేసి అప్పటిదాకా నన్ను అనుమానించకు.

మీ అమ్మాయి

*

అమ్మాయికి,

వెనక ఏమీ లేదేం? ఏం దాస్తున్నావ్? కొత్త కాగితం కొనిపెట్టింది ఎవడు? చదివింది చాలు. శుక్రవారం తెల్లారేసరికి అక్కడ దిగుతున్నాను. పరీక్షా లేదు, గిరీక్షా లేదు. సామాను సర్దుకో.

మీ నాన్న

తా.క. బాబాయిని. ప్రయాణానికి తనకో కొత్త చొక్కా కుట్టుకుని బయల్దేరతాడట. గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాడు.

*

నాన్నా, నమస్కారం.

శుక్రవారం వచ్చింది, నువ్వు రాలేదు. పరీక్షకి వెళ్ళాను. ఆలస్యాన్ని ఎన్ని రకాలుగా చెప్పగలవో చెప్పమన్నారు. నేను ఆపలేదు, వాళ్ళే చాలు చాలు అన్నారు. ఉద్యోగం వచ్చింది.

ఇక ఆ మనిషి సంగతి. పొద్దుట్నుంచీ మన అరుగు మీద ఎదురుచూసే ఆడవాళ్ళనీ, పెళ్ళి అయిపోయాక పెళ్ళిబట్టలు తీసుకెళ్ళినవాళ్ళనీ చూస్తూ పెరిగినదాన్ని. "తెలిసిన మనిషి" అనగానే ఇంకెవరు గుర్తొస్తారు, నాన్నా?

నువ్వు సామాను సర్దుకోమన్నప్పుడు గదిలో మిగతా ఇద్దరూ కంగారుపడ్డారు. నేను ఒక్క బట్ట కూడా సర్దలేదు. వాడి సంగతి నాకు తెలుసు కదా.

మీ అమ్మాయి

తా.క. నీ చొక్కాకి చేతులైనా కుట్టావా? పూర్తయ్యాక అమ్మని తీసుకుని రా. గజంబద్ద ఇంట్లోనే పెట్టు.