కీర్తన రాగంలో ఇంగ్లీషు

1945 జూన్ 18, సోమవారం

ఫస్టు ఫారానికి, అదే ఆరో తరగతికి, ఇంగ్లీషు చెప్పే పని నాకు వచ్చింది! మా మిషను బడి నడిపే దొరసానిగారు పొద్దున ప్రార్థన అయ్యాక అందరి ముందూ చెప్పారు. ఆ క్లాసు చెప్పే యోహాను మాస్టారు పట్టాళం నుంచి తిరిగి వచ్చేదాకా మాత్రమే — ఆ మాట కూడా అందరి ముందే చెప్పారు. అయినా సరే. ఇన్నేళ్లూ రెండో తరగతికి ఎక్కాలు చెప్పి చెప్పి అరిగిపోయిన నోరు ఇది. ప్రభువా, నీకు స్తోత్రం.

భయం కూడా ఉంది. మాస్టారిది సెకండరీ ట్రెయినింగు, నాది దానికన్నా కింది హయ్యర్ ఎలిమెంటరీ. ఆ తేడా ఎవరూ పైకి అనలేదు. అనరు కూడా, మన బడిలో అందరూ మర్యాదస్తులు.

జూన్ 21

నోరు విప్పరు. పుస్తకం ఎత్తి పట్టుకుని ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అంటే నా మొహం చూస్తారు. బొల్లాపల్లి రూతు అదీ లేదు, బల్ల కిందికి చూస్తుంది. ఇదే రూతు తెల్లారి కీర్తన ఎత్తుకుంటే బోర్డింగు పెంకులు కదులుతాయి. ఆ గొంతంతా ఇంగ్లీషు గంటకి ఎక్కడికి పోతుందో.

జూన్ 27

రాత్రి తట్టింది. నాకు అక్షరాలు వచ్చింది ఎట్లా? నాన్న ఊరూరా తిరిగి వాక్యం చెబుతూ, కీర్తనలు పాడిస్తూ... చదవడం తర్వాత, పాడటం ముందు. మరి వీళ్ళకి ఎందుకు రాదు?

ఆదివారం గుడిలో ఆఖర్న పాడే కీర్తన రాగంలో ఇంగ్లీషు వాక్యాలు కూర్చాను. బుక్కు, స్లేటు, డోరు, బెల్లు, చివరికి కుర్చీ. చరణానికి ఒక వస్తువు.

జూన్ 29

పాడారు! అందరూ! రూతు అందరికన్నా ముందు. కిటికీ దగ్గర మూడో తరగతి పిల్లలు గుంపుకట్టి విన్నారు. అన్నం కూడా సయించలేదు ఆనందానికి.

జులై 7, శనివారం

నెలకోసారి టీచర్ల సభ. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్ళు వెనక కూర్చుని తర్వాత తప్పొప్పులు చెప్పాలి. ఈసారి నా వంతు. పాఠం అయ్యాక అందరూ చాలా బాగుంది, చాలా బాగుంది అన్నారు. తెలుగు చెప్పే సుందరమ్మక్కయ్య ఒక్కతే ఏమీ అనలేదు. బయటికి వచ్చాక, మల్లెపందిరి దగ్గర పట్టుకుంది.

“ఏమే జ్యోతీ, నీ పిల్లలు ఇంగిలీషు మాట్లాడటంలా. పాడుతున్నారు. పాటలోంచి దించవే వాళ్ళని.”

ఒళ్ళు మండింది. ఏమీ రాని పిల్లలకి ఇంత వస్తే ఈవిడకేం కష్టం? మనసులోనే అనుకున్నాలే.

ఆగస్టు 16

యుద్ధం అయిపోయిందట. గుడి గంట చాలాసేపు కొట్టారు. నేనూ మోకరించాను, మనస్ఫూర్తిగానే. లేచేటప్పుడు మాత్రం — ఇక యోహాను మాస్టారు వచ్చేస్తారు — అని. అట్లాంటి ఆలోచన ప్రార్థన మధ్యలో! క్షమించు తండ్రీ. ఆయన క్షేమంగా రావాలి. వెళ్ళేరోజు తన సుద్దముక్కల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, వాడుకో చెల్లెమ్మా అన్న మనిషి.

సెప్టెంబరు 12, బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

గుంటూరు నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ గారు రైల్లో వచ్చారు. కళ్ళజోడు, జరీ లేని తెల్లచీర, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వెనక దొరసానిగారు, సుందరమ్మక్కయ్య. నేను పుస్తకం ఎత్తాను. పిల్లలు ఎత్తుకున్నారు. ఆఖరి కీర్తనకి అందరం లేచి నిలబడతాం కదా... రాగం వినబడగానే పిల్లలంతా లేచారు! ఇన్ని రోజులూ కూర్చునే పాడినవాళ్ళు — దొరసానిగారు గదిలో ఉన్నారని కాబోలు, గుడి అనుకున్నారు. తనకి మర్యాద చేస్తున్నారని ఇన్‌స్పెక్ట్రెస్ గారు కూడా లేచారు. దొరసానిగారు అలవాటు కొద్దీ తల వంచి కళ్ళు మూసుకున్నారు. స్లేటు గురించీ తలుపు గురించీ పాడుతుంటే దొరసానిగారు కళ్ళు మూసుకుని భక్తిగా... అయిపోగానే క్లాసంతా ఒక్క గొంతుతో — ఆమెన్.

సుందరమ్మక్కయ్య కొంగు నోట్లో కుక్కుకుంది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఇన్‌స్పెక్ట్రెస్ గారు రూతు దగ్గరికి వెళ్ళి నీ స్లేటు ఎక్కడుంది అని ఇంగ్లీషులో అడిగారు. స్లేటు రెండో చరణంలో ఉంది. రూతు పాపం మొదటి చరణం నుంచి మొదలెట్టింది.

సాయంత్రం పిలిచి మాట్లాడారు. తిట్టలేదు. గొంతులు బాగున్నాయి అన్నారు. ఇవాళ చూసింది రిపోర్టులో ఎక్కించననీ, పరీక్షలకి ముందు మళ్ళీ వస్తాననీ, అప్పటికి పిల్లలు పాట లేకుండా మాట్లాడకపోతే ఈ క్లాసు నా దగ్గర ఉంచవద్దని దొరసానిగారికి చెబుతాననీ అన్నారు. మంచి మనిషి. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

సెప్టెంబరు 13

సుందరమ్మక్కయ్య గదికి వెళ్ళాను. నువ్వు జులైలోనే చెప్పావు అన్నాను. నేను చెప్పిందానికేం లేవే, పాడనన్నా పాడారుగా, నోట్లో మాటంటూ పడింది అంది. ఉప్మా పెట్టింది. ఇక నుంచి శనివారం శనివారం తన విశ్రాంతి గంట మానుకుని నా క్లాసులో వెనక కూర్చుంటుందట. ఇంగ్లీషు రాదు కదా అక్కయ్యా నీకు, అన్నాను. రాకపోతే ఏంది, పాటో మాటో చెవికి తెలీదా అంది.

ఈవిడ మీద మండిపడ్డ నోరు నాదేనా.

సెప్టెంబరు 22, శనివారం

పాడొద్దు అంటే మళ్ళీ మౌనం. జూన్‌లో ఎక్కడున్నామో అక్కడికే వచ్చాం. వెనక బల్ల మీద అక్కయ్య ఆవలించింది.

అక్టోబరు 3

చేతులకి పని ఉంటే నోరు భయం మర్చిపోతుందేమో అని అక్కయ్య అంది. బోర్డింగు వంటింటి వెనక వడ్లు దంచే చోటికి తీసుకెళ్ళాను. రోకలి పడుతూ లేస్తూ మాట్లాడమన్నాను. ఎంత తెలివి నాది! రోకలి పోటుకి పాట ఇంకా గట్టిగా వచ్చింది. అక్కయ్య నవ్వి నవ్వి చేటలో కూలబడింది. నేనూ నవ్వాను. సెప్టెంబరు తర్వాత ఇదే నవ్వడం.

అక్టోబరు 6, శనివారం

బియ్యం!

రేషను బియ్యం ఏరడం పిల్లల పని. బియ్యం కన్నా రాళ్ళే ఎక్కువ ఈ రోజుల్లో. ఏరేటప్పుడు తాళం లేదు, చూపు చేట మీదే, ఒకళ్ళ చేట్లోకి ఒకళ్ళు తొంగిచూడటం, పోట్లాట... పాటకి చోటే లేదు. నేనూ ఒక చేట పట్టుకుని కూర్చున్నాను. ఒక రాయి తీసి, ఇదేంటి అని ఇంగ్లీషులో అడిగాను, వాళ్ళ వంక చూడకుండా. కాసేపటికి ఎవరిదో గొంతు — ‘స్టోన్.’ మామూలు గొంతు. నేను తల ఎత్తలేదు, ఎత్తితే ఆగిపోతుందని. ఇంకో గొంతు — ‘బిగ్ స్టోన్.’

అక్కయ్య చెయ్యి నా వీపు మీద పడింది. ప్రభువా...

నవంబరు 10

ఇప్పుడు ఇంగ్లీషు గంట అంటే వంటింటి వసారా. వంటమ్మకి తిక్కగా ఉంది, దారికడ్డం అని. బియ్యం అయ్యాక వేరుశెనగ కాయలు, తర్వాత చింతపండు గింజలు. ‘యువర్ హ్యాండ్ ఈజ్ బ్లాక్’ అని ఒకతె అంటే, ‘యువర్ ఫేస్ ఈజ్ బ్లాక్’ అని ఇంకొకతె. పోట్లాటే, కానీ ఇంగ్లీషులో పోట్లాట. వాళ్ళని విడదీయాలనిపించలేదు.

రూతు మాత్రం ఏరుతుంది. అందరికన్నా శుభ్రంగా ఏరుతుంది. మాట్లాడదు. పాట తీసేస్తే ఆ పిల్లకి గొంతే లేకుండా పోయింది. నేనే తీసేశాను.

డిసెంబరు 20

క్రిస్మసు సెలవులు. రూతు వాళ్ళమ్మ, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడుపుతున్న బస్సులో వచ్చి కూతుర్ని తీసుకెళ్ళింది. నాకు మూటెడు కందులు తెచ్చింది. “పోయిన సెలవులకి వచ్చినప్పుడు మా పిల్ల ఇంటికాడ ఆవుతో కూడా ఇంగిలీషే టీచరమ్మా, ఆ పాటే పాడింది” అంది సంతోషంగా. కందులు తీసుకున్నాను.

1946 జనవరి 21, సోమవారం

యోహాను మాస్టారు వచ్చారు.

సన్నబడ్డారు. ఎడమ కాలు ఈడుస్తున్నారు. అందరికీ వందనాలు చెబుతూ నా దగ్గర ఆగి, సుద్దముక్కలు మిగిలాయా చెల్లెమ్మా అన్నారు. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. క్షేమంగా తెచ్చావు తండ్రీ. నిజంగా అంటున్నాను, ఈసారి నిజంగానే.

క్లాసు సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రస్తుతానికి ఆయనకి లెక్కలు ఇచ్చారు. యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి, కుంటుకుంటూ తన క్లాసు గుమ్మం దాటి పక్క గదికి వెళ్తుంటే చూడలేకపోయాను. కానీ ఇవ్వాలనీ లేదు. రెండూ నిజమే.

ఫిబ్రవరి 6, బుధవారం

ఇన్‌స్పెక్ట్రెస్ గారు వచ్చారు. క్లాసు ఎక్కడ అంటే వసారాకి తీసుకెళ్ళాను. పీట వేయించుకుని, చేట అడిగి తీసుకుని, తనే ఏరుతూ కూర్చున్నారు. పిల్లలకి భయం పోయింది. రాళ్ళు, వడ్లు, పిల్లి, వంటమ్మ కోపం — అన్నీ మాట్లాడారు. తప్పులు బోలెడు. రాగం లేదు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ ఆమెన్ అనలేదు.

తర్వాత రూతు వైపు తిరిగి, నీ చేటలో ఏముంది అని అడిగారు. రూతు నోరు తెరిచింది. రాగం సగం వచ్చింది... తనే ఆపేసుకుంది. పెదవులు బిగించి తల వంచేసుకుంది. ఇన్‌స్పెక్ట్రెస్ గారు మళ్ళీ అడగలేదు. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల తల నిమిరారు.

ఆవిడా దొరసానిగారూ తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. రైలుకి వెళ్తూ నాతో ‘బాగా కష్టపడ్డావమ్మా’ అన్నారు. బాగా కష్టపడ్డావు అంటే క్లాసు ఉంచినట్టా, తీసేసినట్టా? అక్కయ్యని అడిగితే, నాకు ఇంగిలీషే రాదనుకున్నా, ఆవిడ తెలుగూ అర్థం కాలా అంది.

ఫిబ్రవరి 8

దొరసానిగారిని అడిగేశాను. ప్రార్థించి చెబుతాను అన్నారు. అప్పటిదాకా సోమవారం నుంచి ఫస్టు ఫారానికి నువ్వూ యోహాను మాస్టారూ ఇద్దరూ కలిసి వెళ్ళండి అన్నారు. ఇద్దరు టీచర్లు, ఒక క్లాసు!

ఫిబ్రవరి 11, సోమవారం

వానజల్లు. వసారా తడిసింది, గదిలోనే పాఠం. గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. మాస్టారు కాలు చూసి నేను కిటికీ దగ్గరికి జరిగాను. ఆయన వద్దంటే వద్దన్నారు. “నువ్వే చెప్పు చెల్లెమ్మా, నేను ఇంటా. చానా మర్చిపోయా.” నేను బతిమాలి కూర్చోబెట్టాను. పిల్లలు ఇదంతా చూస్తున్నారు. నేను నిలబడే మొదలుపెట్టాను. నా గొంతు బాగా లేదు ఇవాళ, నాకే తెలుస్తోంది.

రూతు బల్ల దగ్గర లేదు. ఎప్పుడు లేచి వెళ్ళిందో! తిట్టబోయాను. గుమ్మంలోంచి వస్తోంది — నెత్తిన పక్క గదిలోని సుందరమ్మక్కయ్య కుర్చీ. వానకి తడవకుండా కొంగు కప్పింది దానికి, తను తడిసింది. తెచ్చి మాస్టారి కుర్చీ పక్కన దించింది. నా వంక చూసింది, బల్ల కిందికి కాదు.

“టీచర్, ప్లీజ్ సిట్. దిస్ చెయిర్ ఈజ్ ఫర్ యు.”

రాగం లేదు. మామూలు గొంతు, కొంచెం బొంగురు. రూతుకి మాట్లాడే గొంతు ఇట్లా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది. పాటలో కుర్చీ ఆఖరి చరణం. ముందున్న చరణాలన్నీ వదిలేసి వచ్చింది.

నేను కూర్చున్నాను. మాస్టారు మెల్లగా అడిగారు, “ఎవరు నేర్పారమ్మా నీకు ఆ మాట?”

“ఎవురూ నేర్పలా మాస్టారూ. నాకే వచ్చింది.”

గంట కొట్టారు.

ఇంతకన్నా ఏం అడగను దేవుడా? అడుగుతాను, అబద్ధం ఎందుకు. ఆ క్లాసు నాకు కావాలి.

దొరసానిగారు ఇంకా ప్రార్థిస్తున్నారు. కుర్చీలు రెండూ అట్లాగే పక్కపక్కన ఉన్నాయి. సుందరమ్మక్కయ్య ఇవాళ గంటంతా నిలబడే పాఠం చెప్పిందట, ఎవరినీ అడగకుండా. రేపు ఒకటి ఆవిడకి పంపాలి. ఏది పంపాలో...