రెండు ఎడమ చేతులు

అక్కా,

రెండు ముక్కలు రాయమంటే చేతికి జ్వరం వచ్చే నీ తమ్ముడు అడక్కుండానే కాగితం తీశాడంటే ఏదో కొంప మునిగిందని ఈపాటికే అనుకుని ఉంటావు. మునగలేదు. పైకి చూస్తే అంతా బాగానే ఉంది. మా కుట్టుపని కార్ఖానాలో నన్ను కటింగ్ మాస్టర్ని చేశారు. కిటికీ పక్కన పెద్ద బల్ల నాది. గోడకి వేలాడే పెద్ద కత్తెర నాది. టీ వచ్చినప్పుడు మొదటి గ్లాసు కూడా నాదే. మా దగ్గర అదొక పద్ధతి. కటింగ్ మాస్టరు ఒక గుక్క తాగేదాకా మిషన్ల దగ్గర ఎవరూ గ్లాసు కోసం చెయ్యి చాపరు. ఎవరు పెట్టారో తెలీదు గానీ ఎవరూ తప్పరు.

సంతోషించాల్సిన మాటే. కానీ నాకు భయంగా ఉందక్కా.

ఆ బల్ల మొన్నటిదాకా మా గురువుగారిది. నీకు తెలుసుగా, సూదిలో దారం ఎక్కించడం కూడా రాని నాకు పని నేర్పిన పెద్దాయన. పని మందగించిందని ఓనరమ్మ ఆయన్ని బొత్తాలు కుట్టే స్టూలు మీదికి మార్చింది. తిట్టలేదు, జీతం తగ్గించలేదు. రేపట్నుంచి అక్కడ కూర్చోండి అంది, అంతే. మారింది కూర్చునే చోటు ఒక్కటే. దాంతో మనిషే మారిపోయారు. మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఆయన అరిస్తే వీధి చివర కుక్కలు లేచేవి, ఇప్పుడు ఏం మాట్లాడినా రెండోసారి అడగాల్సి వస్తోంది. నన్ను గాడిదనీ దున్నపోతనీ తప్ప ఇంకో పేరుతో పిలిచి ఎరగని మనిషి, ‘మీరు’ అంటున్నారు. నేను పక్కనుంచి వెళ్తే ఒళ్లోని బొత్తాలు కిందపడుతున్నా సరే లేచి నిలబడుతున్నారు. నేను ఏదైనా జోకు వేస్తే అది పూర్తి కాకముందే అందరికంటే ముందు నవ్వుతున్నారు. ఆ నవ్వులో పళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

ఇంకో సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పను. నాకు బాగుంది. ఒంటికి బాగుంది. అన్నం బాగా పోతోంది, నిద్ర బాగా పడుతోంది, గొంతులో గాంభీర్యం వచ్చింది. మొన్న అద్దంలో చూసుకుంటే పొడుగు పెరిగానేమో అనిపించింది. ఈ వయసులో పొడుగేమిటి? నాలో కొత్తగా వచ్చిన గొప్ప ఏమీ లేదు. ఇదివరకటి చేతులే, ఇదివరకటి బుర్రే. బల్ల మారిస్తే ఆయన అంత కుంగిపోయారు, నేను ఇంత ఉబ్బిపోయాను. అంటే మా ఇద్దరిలోనూ మాదంటూ ఏదీ లేదా అని గుండె జారిపోతోంది. పైగా రెండో మిషను మీద కుట్టే ఆవిడ నేను కోస్తున్నప్పుడు నా చేతులవంకే చూస్తూ ఉంటుంది. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ గురువుగారి చేతుల్ని అలాగే చూసేవాణ్ణి.

అసలు భయపెట్టింది మాత్రం ఈ వారం జరిగింది. చారల గుడ్డతో ఒక కోటు కోయాలి. చారలు కలవాలంటే గుడ్డ మడత పెట్టకూడదు, ఒంటి పొర మీద గీయాలి. ఒక చెయ్యి గీశాక అట్ట నమూనాని బోర్లా తిప్పి రెండో చెయ్యి గీయాలి. నేను తిప్పడం మర్చిపోయాను. రెండూ ఎడమ చేతులే కోసేశాను. కుట్టబోతే గానీ తెలీలేదు. ఓనరమ్మ వచ్చి కడిగి ఆరేసిందనుకో, అది మామూలే. ఆమె వెళ్ళాక గురువుగారి వైపు చూశాను. ఆయన స్టూలు నా బల్లకి ఎదురుగానే ఉంటుంది.

“మీరు చూడలేదా?” అని అడిగాను.

“చూశానండీ,” అన్నారు.

“మరి చెప్పలేదేం?”

ఆయన పళ్ళు కనిపించేలా నవ్వి, తల వంచుకుని బొత్తాలు ఏరుకున్నారు. ఒక కుట్టు వంకర పోతేనే స్కేలు పెట్టి నా వేళ్ళమీద కొట్టిన మనిషి అక్కా. కళ్ళముందు గుడ్డ తగలడిపోతుంటే నోరు తెరవలేకపోయారు. ఇలా ఇంకొన్నాళ్ళు సాగితే ఆయన దక్కరేమోనని నాకు బెంగగా ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయడం లేదు.

ఒకటి అనుకున్నాను. అందరి ముందూ కత్తెర ఆయన చేతిలో పెట్టి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చేస్తాను. ఓనరమ్మ ఏమన్నా పడతాను. నువ్వేమంటావు? రోజంతా కోతుల మధ్య ఉండేదానివి, ఈ పెద్దా చిన్నా గొడవలు నీకు నాకన్నా బాగా తెలిసి ఉంటాయి. నవ్వకు.

నువ్వు పెట్టిన పేరే ఖాయం చేసుకున్న నీ తమ్ముడు,
పిల్లికూన

*

ఒరేయ్ పిల్లికూనా,

పెద్ద పని ఇచ్చారని భయపడి ఉత్తరం రాసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. మీ బావకి చదివి వినిపిస్తే, వాడికి అదృష్టం పట్టినా మాత్ర వేసుకుంటాడు అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. రెండోసారి చదివాక నాకు నవ్వు రాలేదు.

మా జూలో నేను చూసుకునే కోతుల్లో ఒక ముసలి మగకోతి ఉంది. దొర అని పిలుస్తాం. ఎత్తుబండ మీద అదే కూర్చునేది. పోయిన వానాకాలం ఇంకో కోతి దాన్ని దింపేసింది. పెద్ద పోట్లాట కూడా కాలేదు. ఆ రోజు నుంచే దొర గోడవారకి చేరింది. ఒళ్ళు ముడుచుకుపోయింది, జుట్టు రాలింది. పండు ఎదురుగా వేసినా కొత్తదాని మొహం చూసి గానీ ముట్టదు. జబ్బేమోనని మా డాక్టరమ్మని పిలిచాను. ఆవిడ అంతా చూసి, ఇది జబ్బు కాదమ్మా, బతికే ఉపాయం అంది. ఓడినది ఇంకా తల ఎత్తుకు తిరిగితే గెలిచినది చంపేస్తుంది. అందుకని మనసుకి తెలిసేలోగా ఒళ్ళే లొంగిపోతుందిట. ఆకలి తగ్గించేస్తుంది, ఉత్సాహం తగ్గించేస్తుంది, తన మీద తనకున్న నమ్మకం కూడా తీసేస్తుంది. నేను నీకు పోటీ కాదు, నన్ను బతకనీ అని చెప్పుకోవడమన్నమాట. ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందట అలా వంగనివి చచ్చిపోయాయి, వంగినవి పిల్లల్ని కన్నాయి, ఆ వరసలోనే మనమూ వచ్చామంది. ఇప్పుడు మనల్నెవరూ కరవరు, మహా అయితే స్టూలు మారుస్తారు. ఆ తేడా ఒంటికి తెలీదుట.

ఆయన అందరికంటే ముందు నవ్వుతున్నారని రాశావు. కోతి పళ్ళన్నీ బయటపెడితే చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వుతోందని ఫోటోలు తీసుకుంటారు. అది నవ్వు కాదురా. నన్నేం చెయ్యకు అని బతిమాలుకోవడం.

నీకు బాగుండడం గురించి సిగ్గుపడకు. గెలిచిన కోతి ఛాతీ కూడా ఇంత వెడల్పయింది. కాకపోతే అది పండు తింటూ కూడా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉంటుంది. నువ్వు ఆ రెండో మిషను ఆవిణ్ణి చూసినట్టే.

ఇప్పుడు చెవులు రిక్కించి విను. ఆ కత్తెర అప్పజెప్పే పని మాత్రం చెయ్యకు. దొర మీద జాలేసి నేనూ ఒకసారి మిగతావన్నీ చూస్తుండగా మొదటి పండు దానికే ఇచ్చాను. అది తీసుకోలేదు. వణుకుతూ గోడకి అంటుకుపోయి ఉచ్చ పోసుకుంది. తర్వాత చాలా రోజులు నా దగ్గరికి రాలేదు. నేనేమో మంచి చేశాననుకున్నాను.

మరేం చెయ్యాలంటావా, నాకు తెలీదు. దొర ఇంకా గోడవారనే ఉంది. నేను పండ్లు వేయడం తప్ప ఇంకేం చెయ్యగలను? మీకు నోరూ వాయీ ఉంది గదా, ఏదో దారి దొరక్కపోదు. తొందరపడకు. అన్నం తిను, నువ్వు కూడా మానేశావంటే నేను రైలెక్కి వచ్చి తన్నాల్సి వస్తుంది.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటికే చేసేశాను.

టీ పళ్ళెం రాగానే మొదటి గ్లాసు నేనే తీసి, కత్తెర కూడా పట్టుకుని గురువుగారి స్టూలు దగ్గరికి వెళ్ళాను. మిషన్లన్నీ ఆగిపోయాయి. ఈ బల్ల మీదేనండీ, వచ్చి కూర్చోండి అన్నాను. సినిమాలో హీరోలాగా అన్నాననుకో. ఆయన మొహం పాలిపోయింది. గ్లాసు పట్టుకున్నారు గానీ చేతులు నిలవలేదు, టీ అంతా చొక్కా మీద ఒలికిపోయింది. కాలుతున్నా తుడుచుకోలేదు.

“నేనేం తప్పు చేశానండీ? బొత్తాలు సరిగ్గానే కుడుతున్నాను కదా,” అన్నారు. నన్ను కాదు, నా వెనక ఎవరో ఉన్నట్టు అటు చూస్తూ అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరమ్మ గదిలోంచి తొంగిచూసింది. నేను కత్తెర పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

తర్వాతి రోజు ఆయన రాలేదు. ఇవాళా రాలేదు. స్టూలు మీద ఆయన గుచ్చిన సూది అలాగే ఉంది, దారం సగం వేలాడుతోంది. ఎవరూ అడగలేదు. ఓనరమ్మ అయితే రాకపోతే మానె అన్నట్టు బొత్తాల డబ్బా రెండో మిషను పక్కన పెట్టించింది. మా దగ్గర ఒక మనిషి చోటు అంత తొందరగా నిండుతుందని నాకిప్పుడే తెలిసింది.

నీ దొర గురించి రాసింది మూడుసార్లు చదివాను. కోతి గోడకి అంటుకుపోయి ఊరుకుంది. మనిషి ఊరుకుంటాడా? ఆయన ఇంటి పక్కనే రైలు పట్టాలున్నాయక్కా. ఆ ఆలోచన వచ్చినప్పటినుంచీ రైలు కూత వినబడితే కత్తెర కింద పెట్టేసి వీధిలోకి వస్తున్నాను. రేపు సెలవు. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తున్నాను. ఏం చెప్పాలో తెలీదు. ఆ కోటుకి మళ్ళీ తెప్పించిన చారల గుడ్డ బల్ల మీదుంది. అది కూడా సంచిలో పెట్టుకుంటున్నాను. ఎందుకని మాత్రం అడగకు. నోటితో చెప్పలేనిది చేత్తో ఏమైనా చెప్పగలనేమోనని.

నీ తమ్ముడు

*

అక్కా,

మంచి మాటే ముందు రాస్తున్నాను. ఆయన బతికే ఉన్నారు. నువ్వు ఇక గ్లాసెడు నీళ్ళు తాగి మిగతాది తీరిగ్గా చదువుకో.

తలుపు గురువుగారి భార్య పిన్నిగారు తీశారు. నన్ను చూసి సంతోషించారో భయపడ్డారో తెలీలేదు. వచ్చావా నాయనా, గోడవైపు తిరిగి పడుకుని లేవడం లేదు, పిలిస్తే ఊ అంటారు, అంతే అన్నారు. అది ఒకే గది ఇల్లు. గురువుగారు నన్ను చూడగానే లేచి నిలబడబోయారు. అప్పుడు ఆయన మొహంలో మళ్ళీ ఆ పళ్ళు కనిపించాయి. మంచం పక్కన నేల తుడిచి గుడ్డ పరిచేశాను. సంచిలోంచి అట్టలూ సుద్దా కత్తెరా తీశాను. ఒక చెయ్యి గీశాను. రెండోది అట్ట తిప్పకుండా మళ్ళీ అలాగే గీశాను.

కావాలనే గీశాను. ఆయన చూస్తున్నారని తెలుసు. ఏదో ఒకటి అంటారని కాసేపు ఆగాను. ఏమీ అనలేదు. కత్తెర తీశాను, అప్పటికీ అనలేదు. ఆ రకం గుడ్డ ఇంక దొరకదని, ఈసారి పాడైతే నేనూ ఇంటికే పోవాలని ఓనరమ్మ ముందే చెప్పి ఉంది. పోతే పోయిందనే అనుకుని వచ్చాను గానీ కత్తెర గుడ్డ అంచుకి ఆనించేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. బల్ల పోతుంది. గొంతు పోతుంది. రెండో మిషను ఆవిడ ముందు నేను పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టు నాకే కనిపించాను. అయినా ఇప్పుడు ఆపితే ఈయన ఇక లేవరన్న భయం ఇంకా పెద్దది. ఒక కోత కోశాను. గీత దాకా రావడానికి ఇంకొక్కటి చాలు.

ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు మీద ఫెడీమని పడింది.

“ఆపరా దున్నపోతా. ఆ కోటు తొడుక్కునేవాడికి రెండూ ఎడమ చేతులేనా?”

పిన్నిగారు పొయ్యి దగ్గర చేస్తున్న పని ఆపేశారు. ఆయన మంచం దిగి మోకాళ్ళ మీద కూర్చుని, నా చేతిలో సుద్ద లాక్కుని, గీతలన్నీ దులిపి, అట్ట తిప్పి మళ్ళీ గీశారు. గీస్తున్నంతసేపూ నన్నూ, నన్ను కన్నవాళ్ళనీ, కూతుర్ని కోతుల దగ్గరికీ కొడుకుని గుడ్డల దగ్గరికీ పంపిన మన వంశాన్నీ కలిపి తిట్టారు. నీకూ వాటా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. నా ఉపాయం పారిందని లోపల కాస్త గర్వపడ్డాను కూడా, అబద్ధమెందుకు.

ఆ గర్వం గుమ్మం దాకా కూడా నిలవలేదు. బయటికి వస్తుంటే ఆయన వెనకే వచ్చి, కావాలనే గీశావు గదా అన్నారు.

“నీకు నటన రాదురా. మొన్న నిజంగా తప్పు గీసిన రోజు నీ గీత ఎంత నిబ్బరంగా ఉందో! అది చూసి నాకు నా కళ్ళ మీదే అనుమానమొచ్చింది. వీడు ఇంత ధీమాగా గీస్తున్నాడు, నేనే పని మర్చిపోయానేమో అనుకున్నా. అందుకే నోరు లేవలేదు. ఇవాళ నీ గీత వానపాములాగా పోయింది.”

“తెలిసీ ఎందుకు ఆపారు?”

“నీ మొహం చూశాను. సూదిలో దారం ఎక్కించలేక ఏడ్చావే, ఆ రోజు మొహం. నువ్వు నన్ను చూసి భయపడుతున్నావో, నాలాగా అవుతానని భయపడుతున్నావో నాకు తెలీదు. ఆ కత్తెర మూసేస్తే మాత్రం చచ్చేవాడివి. ఇక నా భయం ఎక్కడుందో వెతుక్కునే తీరిక దొరకలేదు.”

ఆయన్ని బతికించడానికి వెళ్ళానక్కా. ఆయనేమో నన్ను బతికించడానికి లేచారు. ఎవరు ఎవరికి పండు పెట్టినట్టో మీ డాక్టరమ్మని అడిగి చెప్పు.

ఇవాళ పనిలోకి వచ్చారు. బల్ల ఇస్తానని నేననలేదు, కావాలని ఆయనా అనలేదు. బొత్తాల డబ్బా తెచ్చుకుని ఆ స్టూలు మీదే కూర్చున్నారు. మెడ ఇంకా పూర్తిగా పైకి రాలేదు. ఓనరమ్మ అటు వెళ్తే లేచి నిలబడ్డారు కూడా. నా భయమూ పోలేదు. రెండో మిషను ఆవిడ చూస్తూనే ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ స్టూలు నాకూ వస్తుంది. అప్పుడు నా ఎదురుగా ఎవరు తప్పు గీస్తారో, నాకు నోరు లేస్తుందో లేదో తెలీదు.

టీ వచ్చింది. పళ్ళెం నా ముందు పెట్టారు. మొన్నటి సంగతి గుర్తొచ్చి నా చెయ్యి లేవలేదు. అందరూ నావంకే చూస్తున్నారు. మిషన్లు ఆగిపోయాయి. అప్పుడు స్టూలు మీదనుంచి వినిపించింది, పాత గొంతులో సగం ఉంటుందేమో.

“ఒరేయ్ గాడిదా, తాగి చావు. నువ్వు తాగితే గానీ మాకు రాదు, అవతల చల్లారిపోతోంది.”

అందరూ నవ్వారు. గురువుగారు నవ్వలేదు, బొత్తాం కుట్టుకుంటున్నారు. నేను గబగబా ఒక గుక్క తాగేసరికి నాలుక కాలింది.

నీ తమ్ముడు,
గాడిద