రెండు బండ్లకు ఒకే అచ్చు

మంగళవారం

పొద్దున నలుగురు షెడ్డు మీదికి వచ్చారు. నా కొడుకు పీటరు ఒకాయన కారు బానెట్ మీద బిగించిన ఫైబరు మూపురాన్ని, దాని గాలి పీల్చే నోటితో సహా గడ్డపారతో పొడిచి ముక్కలు చేశారు. అడ్డం పోయిన పీటరు మణికట్టు మీద కూడా అదే గడ్డపార పడింది. ఎముక విరిగింది.

"ఆ మూపురం చూసే మా అన్న బండి వస్తాండాదని జనం పక్కకు తప్పుకుంటారు. అట్లాంటిదే మా పగోనికి బిగిస్తావేమిరా?" అన్నాడు ఒకడు.

రెండో బండికి వేరే రకం చేస్తానన్నాడు పీటరు. ఆ అన్న బండికి చేసిన అచ్చు ఉండగా మళ్లీ కొత్తది ఎందుకురా అన్నది నేనే. చెయ్యి విరిగినా వాడు ఆ మాట ఎత్తలేదు. అదే నన్ను చంపుతోంది.

వాడికి కట్టు కట్టించుకుని వచ్చాక, రోకలి తీసుకుని ఆ అచ్చును బాదాను. రెండు దెబ్బలకు అంచు చీలింది.

"కొట్టద్దుమా," అన్నాడు పీటరు. "ఆ రెండో బండి ఆయన ఫోన్ చేసినాడు. రేపటికి మళ్లా అదే బిగించాలంట. లేకుంటే రెండో చెయ్యి గూడా ఉండదంట."

రోకలి కింద పెట్టాను. వాడి చెయ్యి లేవదు. పొద్దున్నే ఆ చీలికను నేనే అతికించాలి. బిగించాక ఆ నలుగురూ మళ్లీ వస్తే...