మళ్లీ పాటకొచ్చిన కోడి

అత్తా,

బడికి నీ పేరుతో బోర్డు పెడదామన్నప్పుడల్లా ఎందుకు వద్దనేదానివి? ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇదే.

వేంపల్లెలో నువ్వు పెట్టిన వినపడని పిల్లల బడికి మొన్న కడపలో అవార్డు ఇచ్చారు. ఇకమీద బడి ఖర్చు చూసుకుంటామన్న కంపెనీ ఆయన నిన్న మన చర్చికి వచ్చాడు. నువ్వు పోయాక వచ్చిన మొదటి కోతల పండుగ. బడి కోసం వేసే వేలంలో కోడిపుంజును పాడుకున్నాడు. గెలిచినవాళ్లు దాన్ని తిరిగిచ్చేస్తే మళ్లీ పాట పెడతామని ఆయనకెవరూ చెప్పలేదు. చంకలో పెట్టుకుని కారెక్కబోయాడు.

"ఏమప్పా సారూ, కోడిని యాడికి ఎత్తకపోతాండావు? అది ఇంకా శానాసార్లు అమ్ముడుపోవల్ల!" అని బడిలో వంటచేసే మరియమ్మ అరిచింది. చర్చంతా నవ్వులే. ఆయన ముఖం చూసి పిల్లలూ పడీపడీ నవ్వారు. ఆయనా నవ్వుతూ తిరిగొచ్చి, అదే కోడిని ఇంకా ఎక్కువకు పాడాడు.

వెళ్తూ, "బడి మీద అమ్మగారి పేరు రాయిస్తాం" అన్నాడు.

"ఆయమ్మ ఉండింటే ఆ బోర్డు పొయ్యిలో పెట్టుండేది" అంది మరియమ్మ.

ఏటా కోడిని పాడేవాళ్లందరిదీ ఈ బడి అనేదానివి; నిన్నగానీ ఆ మాట నాకు అర్థం కాలేదు. అయినా పిల్లలకు నీ పేరు తెలియాలని నాకుంది. రేపు పెయింటరు వస్తాడు. రాయమనాలో వద్దనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను, అత్తా.