నిలువు పోగు ఎటు, పిన్నీ?

పిన్నికి, నమస్కారాలు.
ఎగిరి గంతేస్తూ రాస్తున్నాను! అత్తగారి బొంతల సంఘంలో నాకు చోటు దొరికేలా ఉంది. నెలాఖరున నా ముక్కల బొంత బల్ల మీద పరుస్తారు. ఒక్క ముడతైనా పడకపోతే చేర్చుకుంటారు, పడితే ఇంటికే. గుడ్డ నిలువుగా కత్తిరించాలా, అడ్డంగానా? ఆవిడ ఇరవయ్యేళ్లుగా సంఘానికి పెద్ద. అడగాలంటే నోరు పెగలడం లేదు.
ఇట్లు, నీ అమ్మడు.
తా.క. మా ఆయన సాయం చేస్తానంటున్నారు. అదో భయం.

చిరంజీవి అమ్మడికి, దీవెనలు.
గుడ్డ అంచు వెంట పోయేది నిలువు పోగు. అటు లాగితే సాగదు. అడ్డంగా కొంచెం సాగుతుంది. ఐమూలగా లాగావా, ఇక రబ్బరే! ముక్కలన్నిటికీ నిలువు పోగు ఒకే వైపు ఉండాలి. ప్రతి ముక్క మీదా అది ఎటుందో బాణం గుర్తు పెట్టుకో.
ఉంటాను, మీ పిన్ని.
తా.క. లాగి చూడడం మరిచిపోకు.

పిన్నికి,
లాగాం! వంద ముక్కలు కత్తిరించి, నేనో కొసా ఆయనో కొసా పట్టుకుని ఐమూలగా కూడా లాగాం. నువ్వన్నది నిజమే, రబ్బరే! కానీ పలకల్లా ఉండాల్సిన ముక్కలు గాలిపటాల్లా తయారయ్యాయేం?
నీ అమ్మడు.
తా.క. ఆయన భుజం పట్టేసింది.

అమ్మడూ,
నీ తెలివి తగలెయ్య! కత్తిరించకముందు, తానులో ఓ మూల, కాస్తంత లాగి చూడమన్నాను తల్లీ. మళ్లీ కొత్త గుడ్డ తెచ్చి నిలువు పోగు చూసి కత్తిరించు. బాణాలు వెనకవైపు, సుద్దతో.
మీ పిన్ని.
తా.క. అల్లుణ్ణి దూరంగా కూర్చోబెట్టు.

పిన్నీ,
నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైంది. గుడ్డ కొత్తదే, పోగు సరిగ్గానే చూశాను. సుద్ద చెరిగిపోతుందని ఆయనే బాణాలు వేశారు. బోర్డులు రాసే చెయ్యి కదా! ముందువైపు, ఎర్ర రంగుతో. ఎండకీ వానకీ చెక్కుచెదరదట. రేపే పరీక్ష. ఏడుపొస్తోంది, అయినా కుట్టేస్తున్నాను.
నీ అమ్మడు.
తా.క. బాణాలకి నీడ కూడా వేశారు.

పిన్నికి, వెయ్యి నమస్కారాలు!
పరిచాం. వంద ఎర్ర బాణాలు, ఒక్క ముడత లేదు! అందరూ నోరెళ్లబెట్టారు. అత్తగారు మాత్రం నన్ను పక్కగదిలోకి లాక్కెళ్లి తలుపేసి, "ఏమే, ఈ బాణాలేమిటి?" అన్నారు. నిలువు పోగు సంగతి చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడి, "గుడ్డకి నిలువూ అడ్డమూ ఉంటాయా?" అన్నారు!
ఇన్నేళ్లూ ఎటు వీలైతే అటే కత్తిరించారట. బొంతలు వంకరపోతే బల్లది తప్పని మూడు బల్లలు మార్పించారట. "ఎవర్నైనా అడుగుదామంటే నేనే పెద్దనాయె," అంటుంటే నాకు కళ్లు చెమర్చాయి. నాలాగే ఆవిడకీ భయమే పిన్నీ! ఇప్పుడు నా చోటు ఆవిడ పక్కనే.
ఆనందంతో, నీ అమ్మడు.
తా.క. బయటికొచ్చి అందరితో, "మా కోడలికి నేనే నేర్పాను," అన్నారు. నేను తలూపాను. ఆవిడ కనబడితే నువ్వూ ఊపెయ్.