సద్దు వచ్చేదాకా

నాయనా,

నువ్వు పోయాక నేను చూసిన మొదటి రాకెట్టు ఇది. చెన్నైలో మా ఇరవయ్యో అంతస్తు బాల్కనీ నుంచి చూస్తే కింద ఊరంతా నగల అంగడిలా మెరుస్తుంటుంది. ఈ సాయంత్రం శ్రీహరికోట వైపు వెలుగు లేవగానే, మన సత్యవేడు వీధిలో నువ్వు చేసినట్టే, పరుగెత్తి ఎదురు ఫ్లాటులోని తెలుగువాళ్ళ తలుపు కొట్టాను.

"పార్సిల్ అయితే బయటే పెట్టెయ్" అన్నారు లోపలి నుంచి.

వెలుగు మబ్బుల్లో కలిసిపోయినా నువ్వు వీధిలో ఎవరినీ కదలనిచ్చేవాడివి కాదు. "నిలబడండబ్బా, సద్దు ఇంకా రాలేదు" అనేవాడివి. కిటికీలు అదిరాకే అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఆ సద్దు ఇంత దూరం రాదని నాకు తెలుసు. అయినా బాల్కనీలోనే నిలబడి ఉన్నాను, నాయనా. నువ్వింకా పొమ్మనలేదు.