అన్న పన్ను గురించి బాపుకు

భివండి,
శ్రావణం, ఆదివారం

బాపుకు, చిన్నబిడ్డ సరోజ దండాలు.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ దగ్గు తగ్గిందా? ఇక్కడ అన్న, వదిన, నేను బాగున్నాం. బాగున్నాం అనే మాట దగ్గర ఈసారి కొంచెం ఆగాలి, కానీ భయపడకు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే అమ్మ నీ పక్కనే నిలబడి వింటుంది, పైగా నాకు ఫోన్‌లో మాటలు సరిగా రావు. అందుకే రాస్తున్నాను.

మూడు వారాలుగా వాన. ధామన్కర్ నాకా దగ్గర రోడ్డు నీళ్ళలో మునిగింది, ఆటోవాళ్ళు రామంటున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని బడికి నడిచి వెళ్తున్నాను. పిల్లలు మంచివాళ్ళే. మన తెలుగు పిల్లలు కూడా హిందీ, మరాఠీ కలిపి "టీచర్, మా బాపు ఆజ్ గావ్ పోయిండు" అంటారు. సరిదిద్దడం మానేశాను. వెంట తెచ్చుకున్న మూడు పుస్తకాలూ రెండేసి సార్లు చదివాను. బడిలో మాట్లాడి వచ్చాక ఇంట్లో మాట్లాడటానికి నాకేమీ మిగలదు. వదిన ఊరుకోదు, నేను చదువుకున్న కాన్వెంటు పేరెత్తుతుంది. "సిస్టర్ల బడిల నోటికి తాళమేసి పంపిన్రా ఏంది నిన్ను?" అంటుంది. అన్నీ నాకిష్టమైనవే వండి పెడుతుంది. బెంగ ఉంది, లేదని రాయను. కానీ తిండికి లోటు లేదు.

ఇక అన్న సంగతి.

ఎండాకాలంలో బట్ట నేసే సాంచె మీద నుంచి, దారం మోసే నాడె ఎగిరి మూతికి తగిలి అన్న ముందు పళ్ళు రెండు పోయిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత అన్న ఎలా అయిపోయాడో మాత్రం నీకు రాయలేదు. కార్ఖానాలో చెవిలో అరిచినా వినపడదు. అందరూ ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. అన్న నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. దాంతో అతను చెప్పేది ఎవరికీ తెలియదు. పక్క సాంచాల మీద పనిచేసే ఓదెలు కాకతో పొద్దంతా నవ్వుతూ ఉండేవాడు, అదీ పోయింది.

మొదట తీసి పెట్టుకునే పళ్ళు కట్టించుకున్నాడు. మూడో రోజే ఏదో మాటకు నవ్వితే అవి జారి నేస్తున్న బట్ట మీద పడ్డాయి, నాడె వచ్చి పొడి చేసింది. "ఓరి నీ సాంచె పండ్లు దిన మరిగింది, పైలంగుండు" అన్నాడట ఓదెలు కాక. ఆ మాట ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వాడు, చేయి అడ్డం పెట్టుకుని.

ధామన్కర్ నాకా దగ్గరున్న పళ్ళ డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీసి వాటి ఆసరాతో కొత్తవి కట్టడం ఒకటి. ఎముకలో చిన్న మరలు బిగించి, అవి ఎముకతో కలిసిపోయాక పైన పళ్ళు కూర్చడం రెండోది. "పోయినయి పోయినయి, ఉన్నయాటిని ఎందుకు చెక్కుడు?" అని అన్న రెండోదానికే ఒప్పుకున్నాడు. అంతవరకు నీకు రాశాను. రెండు మరలూ బిగించారనీ, అంతా సవ్యంగా జరిగిందనీ రాశాను. అప్పటికి అది నిజమే.

డాక్టరమ్మ జాగ్రత్తలు నాతో ఇంగ్లీషులో చెప్పింది, నేను అన్నకు తెలుగులో చెప్పాను. గట్టిగా ఉమ్మకూడదు. ముందు పళ్ళతో ఏదీ కొరకకూడదు. స్ట్రాతో తాగకూడదు, అలా పీలిస్తే గాయం మానదు. "స్ట్రా పెట్టుకొని తాగనీకి నేనేమన్న శేఠ్ కొడుకునా చెల్లె?" అన్నాడు అన్న. నేనూ నవ్వాను. నాలుగు రోజులు ఇంట్లో ఉండి సాంచాల మీదికి పోయాడు.

నెల దాటాక ఒక రోజు వదినకు జ్వరమొచ్చి, అన్నం డబ్బా నేను తీసుకెళ్ళాను. లోపలికి పోవడానికి బిడియపడి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అన్న నాడెలో దారం చుట్టిన కొత్త కండె పెట్టాడు. నాడెను పెదవులకు నొక్కి పట్టి, దాని పక్కనున్న చిన్న రంధ్రంలోంచి దారం కొసను ఒక్క పీల్పుతో బయటికి లాగాడు. దారాన్ని ముందు పళ్ళ సందున పట్టి తెంపబోయి, అక్కడ పళ్ళు లేవని గుర్తొచ్చి పక్క పన్నుతో తెంపాడు. ఒక సాంచె అయ్యాక ఇంకోటి. కొన్ని నిమిషాలకే మళ్ళీ మొదటిది.

బాపూ, నేను పుట్టిన నాటి నుంచి నువ్వు అలా దారం పీల్చడం చూస్తూనే ఉన్నాను. స్ట్రా అన్న మాటను తెలుగులోకి మార్చి ఊరుకున్నాను. నాడె సంగతి నాకు తట్టనే లేదు.

ఆ వారమే అన్న "ఒక మర ఆడుతున్నది" అన్నాడు. వెళ్ళాం. నాడెను కూడా సంచిలో వేసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, రోజుకు ఎన్నిసార్లని అడిగింది. అన్న "ఎవడు లెక్కవెట్టిండు?" అన్నాడు. కారణం ఇదొక్కటేనని చెప్పలేనంది ఆమె, కానీ ఆ నాడెను ఇంకోసారి తిప్పి చూసింది. ఒక మర గట్టిగానే ఉంది. వదులైనది తీసేసింది. ఎముక మానాక మళ్ళీ బిగించవచ్చునట. అప్పుడు మాత్రం అది కుదురుకునేదాకా నాడెను నోటి దగ్గరికి రానివ్వకూడదట.

తప్పు నాదని దారిలో అన్నతో చెప్పాను. "నీదేంది చెల్లె? నోరు నాది గాదా?" అన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం ఇంకో మర వద్దన్నాడు, ఒక్క పన్నుతోనే గడుపుతానన్నాడు. కాసేపయ్యాక తనే అడిగాడు. "డాక్టరమ్మ మాట తెచ్చి చెప్పుడు గాదు. నువ్వేమంటవో చెప్పు."

నన్నెవరూ అలా అడగరు. చేయించుకోమన్నాను. దారం లాగడానికి సన్నని తీగ కొక్కెం వాడమన్నాను. కొక్కెంతో సాంచె ఆగుతుందనీ, పని నడవదనీ అంటాడనుకున్నాను. అది కాదు అతను చెప్పింది.

"కొక్కెం వట్టుకుంటె బాపు ఏమంటడు?"

అప్పుడు నాకు మన వీధి గుర్తొచ్చింది. ఎవరైనా కొక్కెంతో దారం తీస్తే నువ్వు మగ్గం మీద కూర్చునే "నోట్ల ఊపిరి లేదా ర?" అని నవ్వేవాడివి. అన్నకు పని నేర్పినప్పుడూ అదే మాట. ఒక్క పీల్పుకు దారం వస్తే వీపు తట్టేవాడివి. నువ్వు సరదాకే అన్నావు. అన్న మాత్రం ఆ మాటను ఇంత దూరం మోసుకొచ్చాడు. ఓదెలు కాక కూడా చెప్పి చూశాడు. "రెండు సాంచాలు నేను జూస్త, నువ్వు నిమ్మలంగ కొక్కెంతోని తీయి. మీ బాపు ఈడికొచ్చి జూస్తడా?" అన్నాడు. అన్న తల అడ్డంగా ఊపాడు.

బాపూ, నేను నిన్ను ఇంతవరకు ఏదీ అడగలేదు. చదువు కూడా సిస్టర్లే వచ్చి అడిగితే నువ్వు పంపావు. ఇది నేనే అడుగుతున్నాను. కొక్కెం పట్టుకోమని అన్నకు ఒక్క ముక్క రాయి. ఫోన్‌లో వద్దు. అందరి ముందు "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తాడు. నీ చేతి రాతతో కార్డు వస్తే జేబులో పెట్టుకుంటాడు. వచ్చే నెలాఖరున డాక్టరమ్మ రమ్మంది. అప్పటికి అందేలా వేయి.

నేను అడిగానని రాయకు. నీకే తోచినట్టు రాయి.

పెద్దమ్మకు, పక్కింటి రాజవ్వకు నా దండాలు చెప్పు. అమ్మకు ఈ ఉత్తరంలో వాన సంగతి, బడి సంగతి చదివి వినిపించు, మిగతాది నీ దగ్గరే ఉంచు. మీ ఇద్దరి దీవెనలు మా ముగ్గురికీ కావాలి, ఈసారి అన్నకు కొంచెం ఎక్కువ.

నీ బిడ్డ,
సరోజ